గారు లేని అత్త

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు మాటలకు దిగితే పక్కవాటా ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయేది. అంత బాగా పోట్లాడుకునేవాళ్ళు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో "అత్తగారూ" అని పిలిస్తే, పెద్దావిడ చేతిలోని గరిటె పక్కన పెట్టి, "ఆ గారు తీసి గట్టు మీద పెట్టు. గారు తగిలించే మనిషితో నేనెలా పోట్లాడతానే? నాకు ఇంట్లో తోడు కావాలి గానీ చుట్టం వద్దు" అంది. అలా గట్టు మీద పెట్టిన గారుని ఇరవై ఆరేళ్ళలో ఎవరూ మళ్ళీ ముట్టుకోలేదు. ఈవిడ "అత్తా, నువ్వు" అంటే, ఆవిడ "ఏమే, ఒసేయ్" అనేది. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు విని నోరు వెళ్ళబెట్టేవాళ్ళు.

ఇద్దరి ఉద్యోగమూ ఒకటే. ఆస్పత్రి లాండ్రీలో అత్త ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు మడిచి, దిగిపోయే రోజున తన బల్ల దగ్గర కోడల్ని నిలబెట్టి వచ్చింది. "మడత వంకరపోయిందని తెలిసిందో, ఇంటికొచ్చాక నీ నడుం వంచుతా" అంది అందరి ముందూ.

మూడేళ్ళ కిందట అత్తకి మరుపు మొదలైంది. ముందు తాళంచెవులు పోయాయి, తర్వాత వారాలు పోయాయి, ఆ తర్వాత మనుషులు పోవడం మొదలుపెట్టారు. "ఎవరే నువ్వు?" అని కోడల్నే అడిగేది. మొదటిసారి కోడలి గుండె జారిపోయింది. రెండోసారి ఉండబట్టలేక, "నీ సవతిని" అంది. అత్త ఒక క్షణం తేరిపార చూసి, ఫక్కున నవ్వి, "చాల్లే, నీ మొహానికి" అంది. నవ్వుతోపాటే గుర్తు కూడా తిరిగొచ్చింది. అప్పట్నుంచీ అదే వాళ్ళ మందు. డాక్టరిచ్చిన మాత్రలు ఏం పనిచేశాయో తెలియదు గానీ ఈ మందు మాత్రం పనిచేసేది. కాకపోతే దానికొక పథ్యం ఉంది. మాట అన్నాక నవ్వు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. నవ్వు రాకముందే కదిలితే ఆ మాట అత్త బుర్రలో నిజమై కూర్చుంటుంది.

ఆ రోజు కోడలు నిలబడలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట డ్యూటీ. చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే మంచం మీంచి అత్త అడిగింది, "మా కోడలు ఏదమ్మా?"

"నీ కోడలా? నీ పోరు పడలేక పారిపోయింది" అంది కోడలు పట్టీ బిగించుకుంటూ. బస్సుకి నాలుగు నిమిషాలుంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. రెండింటికల్లా భర్త వస్తాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు, పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. ఆ మధ్య గంట అత్త ఎప్పుడూ నిద్రపోతుంది. బయట గడియ పెట్టడానికి అతను ఒప్పుకోడు. "మా అమ్మేమన్నా దొంగా?" అంటాడు.

అతను వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఐదున్నరకి బస్టాండు నుంచి ఫోను వచ్చింది. మెడలో కట్టిన చీటీ మీద నంబరు చూసి చేశారట. మూడో బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. అనుమానించడానికి ఏమీ లేదని పోలీసులు సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయారు.

ఆడపడుచు వచ్చి, గుమ్మంలోనే గొల్లుమంది. "తలుపు తీసిపెట్టి ఎవరి దారిన వాళ్ళు పోయారు. అంతమంది తిరిగే చోట గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కులేక పోయింది మా అమ్మ" అంది. భర్త తల వంచుకున్నాడు. తలుపు గురించి ఎవరేమన్నా కోడలికి తగల్లేదు. ఆమెకి తలుపు కాదు, మాట గుచ్చుకుంటోంది. పారిపోయింది అన్న మాట. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్త మామూలుగా కాలు ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళిందా, పారిపోయిన కోడల్ని వెతుక్కుంటూ వెళ్ళిందా? ఇది తెలియకుండా ఆమె ముద్ద మింగలేకపోతోంది, సరిగ్గా మడిచిన దుప్పటిని విప్పి మళ్ళీ మడుస్తోంది.

వారం తర్వాత పనికి వెళ్తూ తలెత్తి చూసింది. ఇంటి నుంచి బస్టాండు దాకా ఎనిమిది స్తంభాలు, ఎనిమిది కెమెరాలు. ఇన్నేళ్ళుగా వాటి కిందే నడుస్తోంది, ఉన్నాయని కూడా పట్టించుకోలేదు. అత్త వెళ్ళడం అవి చూశాయి. తన ప్రశ్నకి జవాబు ఆ గాజు కళ్ళకి తెలుసు, తనకి తెలియదు.

"నువ్వు కొడుకువి. నువ్వడిగితే వెంటనే చూపిస్తారు" అంది భర్తతో.

"మా అమ్మ చావేమన్నా సినిమానా, కుర్చీ వేసుకుని చూడ్డానికి?" అన్నాడతను. ఆ తర్వాత మెల్లిగా, "నావల్ల కాదు. నన్నడక్కు" అన్నాడు.

ఆమె అడగలేదు. తొమ్మిదో రోజున తనే కెమెరాల ఆఫీసుకి వెళ్ళి, దరఖాస్తు తీసుకుని, అక్కడే గోడకి ఆనించి నింపింది. "మృతురాలు మీకు ఏమవుతారు?" అని ఒక గడి ఉంది. చెయ్యి ఆలోచించలేదు. "అత్త" అని రాసింది.

ఇరవై ఒకటో రోజున ఉత్తరం వచ్చింది. గోప్యత చట్టం కింద మేనకోడలికి దృశ్యాలు చూసే అర్హత లేదని, దరఖాస్తు తిరస్కరించామని. ఆ కాగితం ఎవరిదో పొరపాటున తనకి వచ్చిందనుకుని కవరు మీద పేరు మళ్ళీ చూసుకుంది. తన పేరే.

మర్నాడు లాండ్రీలో సెలవు చెప్పి, కెమెరాల ఆఫీసులో ఆరో నంబరు కిటికీ ముందు వరసలో నిలబడింది. లోపల గుమాస్తా చెవి మీద పెన్ను పెట్టుకుని, ఆ పెన్ను కోసమే బల్లంతా వెతుక్కుంటున్నాడు.

"చెవి మీదుందండీ" అంది కోడలు.

"ఆఁ, ఉంటుంది. చెప్పండి."

"ఇందులో ఏం తప్పుందండీ?"

"తప్పేం లేదమ్మా, అర్హత లేదు. మీరు మేనకోడలు."

"నేను కోడల్నండీ."

"అత్త అని రాశారుగా. అత్త అంటే నాన్న తోబుట్టువు."

"అత్త అంటే మొగుడి తల్లండీ!"

"ఆవిణ్ణి అత్తగారు అంటారు." తెర ఇటు తిప్పి వేలుపెట్టి చూపించాడు. "ఇదిగో, రెండూ వేరువేరు. అత్తగారు తొమ్మిదో వరస. అత్త ఇరవై రెండు. తొమ్మిదికి చట్టం ఒప్పుకుంటుంది, ఇరవై రెండుకి ఒప్పుకోదు."

వెనకాల వరసలోవాళ్ళకి ఇది బాగా నచ్చింది. "మేనమామ పెళ్ళాన్ని కూడా అత్తే అంటాం కదండీ, ఆవిడెన్నో వరస?" అంది ఒకావిడ. "మరి నాకు పిల్లనిచ్చినావిడ?" అన్నాడు ఆమె వెనకాయన. "ఆవిణ్ణి గారు లేకుండా పిలిచే ధైర్యం నీకుందా ఏమిటి?" అని ఇంకెవరో అంటే అందరూ నవ్వారు. కోడలికి కూడా నవ్వొచ్చింది. అత్తకి చెబితే పడీపడీ నవ్వుతుందనుకుంది. అనుకున్న మరుక్షణం కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇరవై ఆరేళ్ళ కాపురం అని రాశారు. ఒక్కసారైనా గారు అనలేదామ్మా?"

"అననివ్వలేదండీ."

అతను కొత్త దరఖాస్తు తీసి ఇచ్చాడు. "ఈసారి మరిచిపోకండి. పెళ్ళి సర్టిఫికెట్టు కూడా జత చెయ్యండి."

"ఈలోపల ఆ బొమ్మలు చెరిగిపోవు కదండీ?"

"వీధి కెమెరాలవి ముప్ఫై రోజులే ఉంటాయమ్మా. తర్వాత వాటంతటవే పోతాయి. ఎవరు ఎక్కడ తిరిగారో ఎవరూ ఏళ్ళ తరబడి దాచుకోకూడదని పెట్టిన గడువు అది. మంచికే పెట్టారు."

"మంచిదేనండీ, కాదనను. నా ఒక్కదానివి కాస్త ఆపి ఉంచండి."

"ఆపమని అడగడానికి కూడా ముందు అర్హత తేలాలి."

కోడలు కొత్త కాగితం మీద "అత్తగారు" అని రాసింది. రాసి, దాని వంక చూసుకుంది. ఎవరో పెద్దమనిషి, బాగా బతికిన కుటుంబంలో ఆవిడ, తనకి ముఖపరిచయం కూడా లేదు అన్నట్టుంది. ఆ ఆవిడ పోయినందుకు తను ఇంతలా ఎందుకు ఏడుస్తోందో చూసేవాళ్ళకి అర్థం కాదు.

అనుమతి ముప్ఫై నాలుగో రోజున వచ్చింది. అప్పటికి వీధిలో ఎనిమిది కెమెరాలూ అత్తని మరిచిపోయాయి. ఇల్లు దాటి ఏ పక్కకి తిరిగిందో, ఆస్పత్రి దారి పట్టిందో లేదో, ఎక్కడ ఆగిందో, ఇక ఎవరికీ తెలియదు. బస్టాండు వాళ్ళ కెమెరా ఒక్కటి మిగిలింది. దాని గడువు నలభై అయిదు రోజులు.

చూపించే గది మేడ మీద ఉంది. కిటికీ లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక నీళ్ళ జగ్గు. ఫోను బయట పెట్టెలో పెట్టించారు. కాపీ ఇవ్వరు, ఒకసారి చూడొచ్చు, అంతే. లోపల కూర్చున్నాయనకి సీసా అడుగంత మందం కళ్ళజోడు. ముఖాలకి మసక వేసే ఉద్యోగం అతనిది.

"మీ అత్తగారి ముఖం తప్ప మిగతా ముఖాలన్నీ మసక చేశానమ్మా. వాళ్ళు మిమ్మల్ని చూడమనలేదు కదా" అన్నాడు.

"మా అత్త మాత్రం చూడమందా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పోయినవాళ్ళకి ఈ చట్టం లేదమ్మా. గోప్యత బతికున్నవాళ్ళకే." ఆ మాట చెప్పడం అలవాటైనట్టు లేదు. సిగ్గుపడుతున్నట్టు చెప్పాడు.

తెర మీద బస్టాండు వచ్చింది. పైనుంచి చూసినట్టు, చప్పుడు లేకుండా. మూలన అంకెలు, మూడూ యాభై రెండు. మనుషులు నడుస్తున్నారు, మెడల మీద తలలకి బదులు ఆవిరి పట్టిన అద్దం ముక్కలున్నట్టు. ఆ మసకల మధ్య ఎడమవైపు నుంచి ఒకే ఒక్క ముఖం వచ్చింది. చిన్నది, ఎండకి కందిపోయింది. కోడలు ముందు కాళ్ళు చూసింది. చెప్పులున్నాయి. హమ్మయ్య అనుకుంది, అనుకుని ఏం లాభమో తెలియకపోయినా.

అత్త ఒక ఆడమనిషిని ఆపింది. ఏదో అడిగింది. ఆ మనిషి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. ఇంకొకామెని ఆపింది. మగవాళ్ళని ఆపడం లేదు. నాలుగో ఆమె దగ్గర అత్త మునివేళ్ళ మీద లేచి, అరచెయ్యి బోర్లా పెట్టి, తన తల మీంచి ఇంకా పైకి, చెయ్యి చాలినంత పైకి ఎత్తి చూపించింది. ఇంత ఎత్తు మనిషి, అని.

అత్త ఎత్తు నాలుగున్నర అడుగులు. కొడుకూ కూతురూ కూడా ఆవిడ పోలికే. ఆ ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర తల వంచి నడిచే మనిషి ఒక్కతే ఉంది.

కోడలు కుర్చీ చెయ్యి పట్టుకుంది. అయినా ఇంకా సందేహం మిగుల్చుకోవాలని చూసింది. ఎత్తుగా ఉండేవాళ్ళు ఎంతమంది లేరు? అప్పుడు తెర మీద అత్త రెండు చేతులూ బారజాపింది. గాలిలో రెండు మూలలు పట్టుకుంది. దగ్గరికి తెచ్చి, ఒక చేతిలోది రెండో చేతికి అందించి, కిందికి జార్చి, ఛాతీకి ఆనించి మడిచింది. దుప్పటి లేదు గానీ మడత వంకరపోలేదు. ఎక్కడ పనిచేస్తుందో చెప్తోంది.

సందేహానికి ఇక ఎక్కడా చోటు లేకపోయింది.

"ఆపమంటారా?" అన్నాడు కళ్ళజోడాయన.

"వద్దండీ."

ఆ నాలుగో ఆమె వెళ్ళిపోలేదు. అత్త భుజం పట్టి మూడో బెంచీ మీద కూర్చోబెట్టింది, సంచీలోంచి సీసా తీసి మూత విప్పి ఇచ్చింది. అత్త తాగింది. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. ఆమె లేవబోయి కూర్చుండిపోయింది. అత్త చెప్తూనే ఉంది. వేలెత్తి, చెయ్యి ఊపి, ఒకసారి నెత్తి కొట్టుకుని చెప్తోంది. పక్కన ఆ మసక ఒంగి ఉంది.

"ఈవిడ ఎవరండీ?"

"చెప్పకూడదమ్మా. అసలు నాకూ తెలియదు. ముఖం చూశాను గానీ మనిషి తెలియదు."

"ఒక్క ముక్క రాసిస్తే చేరుస్తారా? నీళ్ళిచ్చింది కదా అని."

అతను తల అడ్డంగా ఊపాడు.

"పోనీ ఇదొక్కటి చెప్పండి. మీరు మసక వెయ్యకముందు చూశారు కదా. మా అత్త అంతసేపు చెప్తుంటే ఆవిడ వింటోందా, ఊరికే కూర్చుందా?"

అతను తలుపు వైపు చూశాడు, తెర వైపు చూశాడు. ముఖంలో ఏముందో చెప్పడం కూడా ముఖం చూపించడమే అవుతుందేమో అని లెక్క వేస్తున్నట్టున్నాడు. చివరికి, "విందమ్మా" అన్నాడు. "బాగా విన్నది."

నాలుగూ ఇరవై ఒకటికి ఇంకో బస్సు వచ్చింది. ఆమె లేచింది, కండక్టర్ల గది వైపు చూపించి ఏదో చెప్పింది, అత్త తలూపింది. ఆమె ఎక్కేసింది. ఎక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగినట్టుంది. మసకకి ముందేదో వెనకేదో సరిగ్గా తెలియదు.

ఇక అత్త ఒక్కతే. వచ్చిన ప్రతి బస్సు వైపూ చూసింది, దిగిన ప్రతి ఆడమనిషినీ కింది నుంచి పైదాకా చూసింది. కోడలు ఆ ముఖాన్నే చూసింది. చట్టం వదిలిపెట్టింది అదొక్కటే. భయం కనిపిస్తుందని ఇన్నాళ్ళూ వణికింది గానీ, అందులో భయం లేదు. కోపం ఉంది. ఆ కోపం ఆమెకి బాగా తెలుసు. పెదవులు బిగించి, గడ్డం ముందుకు పెట్టి, దొరకనీ దాని పని చెప్తా, అనుకునే కోపం. ఇరవై ఆరేళ్ళు ఆ ముఖం ముందే కోడలు అన్నం వండింది.

మూడో బస్సులోంచి పొడుగాటి మనిషి ఒకామె దిగింది. అత్త బెంచీ మీద చేతులు ఆనించి సగం లేచింది. ఆమె ఇటు చూడకుండా వెళ్ళిపోయింది. అత్త మళ్ళీ కూర్చుంది. కాసేపటికి గడ్డం ఛాతీ మీదికి వాలింది. కునుకు తీస్తున్నట్టే. నాలుగూ ముప్ఫై రెండు. సంచీతో ఒకతను వచ్చి పక్కన కూర్చున్నాడు, సంచీ ఆవిడకి తగలకుండా ఇటు జరుపుకున్నాడు. లేచి వెళ్ళాడు. ఇంకెవరో కూర్చున్నారు. నాలుగూ యాభై ఎనిమిదికి కండక్టరు వచ్చి, ఒంగి, భుజం మీద చెయ్యి వేశాడు.

కళ్ళజోడాయన జగ్గులోంచి నీళ్ళు పోసి ఆమె ముందు పెట్టాడు. సంతకం పెట్టాల్సిన చోట వేలితో చూపించాడు.

ఇంటికొచ్చేసరికి భర్త వీధి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తన వల్ల కాదన్నవాడు, ఆమె చెప్పులు విప్పకముందే అడిగాడు.

"చూశావా?"

"చూశాను."

"నీళ్ళు..."

"ఒకావిడ ఇచ్చింది. తాగింది. చాలాసేపు పక్కన కూర్చుంది కూడా."

అతను రెండు చేతుల్తో ముఖం రుద్దుకున్నాడు. లోపలికి నడిచి, గోడ వైపు చూస్తూ, "ఎందుకెళ్ళిందో ఏమన్నా తెలిసిందా? ఊరికే వెళ్ళిందా?" అన్నాడు.

ఊరికే వెళ్ళింది అంటే సరిపోతుంది. అందులో వింతేం లేదు, మతి లేని మనిషి ఊరికే వెళ్తుంది, ఎవరైనా నమ్ముతారు. ఇంకో ఎనిమిది రోజుల్లో బస్టాండు కెమెరా కూడా చెరిపేసుకుంటుంది. ఆ పారిపోయిందన్న మాట తెలిసింది ఇద్దరికే, అందులో ఒకరు లేరు. మసక వేసే ఆయనకి ఆ చేతులు ఏం చెప్పాయో తెలియదు. అబద్ధమని పట్టుకునే సాక్ష్యం భూమ్మీద ఎక్కడా మిగలదు. కోడలు ఇదంతా ఆలోచించింది. నోట్లోకి ఆ మాట వచ్చింది కూడా.

"నన్ను వెతుక్కుంటూ వెళ్ళింది" అంది.

అతను ఇటు తిరిగాడు.

"ఆ రోజు, మా కోడలు ఏదమ్మా అంది. పారిపోయిందన్నాను. ఎప్పుడూ అన్నట్టే అన్నాను. నవ్వేదాకా ఆగలేదు. బస్సుకి టైమైందని." "అక్కడ అందర్నీ నా గురించే అడిగింది. ఇంత ఎత్తుంటుందని చూపించింది. దుప్పట్లు మడుస్తుందని చూపించింది."

అతను తిడతాడనుకుంది. తిట్టలేదు. నీ తప్పేముంది, అని కూడా అనలేదు. వాళ్ళమ్మ గదిలోకి వెళ్ళి, పక్క తీసేసిన ఉత్త మంచం మీద కూర్చున్నాడు. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడైంది. పక్కవాటా ఆవిడ ఎవరినో కేకేస్తోంది.

"దొరుకుతావనుకుందా?" అన్నాడు లోపల్నుంచి.

"అనుకుంది. పొడుగ్గా ఒకావిడ బస్సు దిగితే నేనే అనుకుని లేచింది."

"లేచి నిలబడిందా?"

"సగం లేచింది."

"సగం" అన్నాడతను. "నేను చూడలేను. నువ్వు చెప్పు. మొదట్నుంచీ చెప్పు, ఏదీ వదలకుండా."

కోడలు గుమ్మంలోనే కింద కూర్చుని, గోడకి ఆనుకుని, ఎడమవైపు నుంచి అత్త నడిచి రావడం దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.